పొగ కూడా వంటచెరకే

పొయ్యిలో కాస్త పచ్చిగా ఉన్న కట్టెలు పెట్టి ముట్టిస్తే మంట కంటే ముందు పొగ వస్తుంది. వంటిల్లంతా కమ్ముకుంటుంది. అప్పుడు గొట్టం తీసుకుని రెండు మూడు సార్లు గట్టిగా ఊదితే ఆ పొగే భగ్గున మంటగా మారుతుంది. ఇది మనలో చాలామంది శ్రీకాకుళంలోనో, విశాఖపట్నంలోనో అమ్మమ్మగారి ఊళ్ళో చూసిందే; ఈ దీవుల్లోనూ చూసిందే. గాలి తగిలి కట్టె అంటుకుందని మనం అనుకుంటాం. కానీ అంటుకున్నది పొగ.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని సామెత. విజ్ఞానశాస్త్రం దానికి ఇంకొక మాట కలుపుతుంది: పొగ అంటే కాలకుండా తప్పించుకుపోతున్న వంటచెరకు. ఈ ఒక్క సంగతి అర్థమైతే చలిదేశాల్లో ఇళ్ళకు వెచ్చదనమిచ్చే కట్టెల గ్యాసిఫికేషన్ బాయిలరు ఎలా పనిచేస్తుందో, దాని పక్కన అంత పెద్ద నీళ్ళ ట్యాంకు ఎందుకుంటుందో తెలుస్తుంది. మన గరాచర్మలో అలాంటిది ఎంతవరకు పనికొస్తుందో కూడా లెక్కగట్టి చెప్పవచ్చు. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

కొవ్వొత్తితో ఒక ప్రయోగం

ఉపాధ్యాయుల సమక్షంలో, ఫ్యాను ఆపి, ఒక కొవ్వొత్తి వెలిగించండి. రెండు నిమిషాలు మండనిచ్చి ఆర్పండి. వత్తి మీద నుంచి తెల్లని పొగ సన్నటి తీగలా పైకి లేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తాకించకుండా, ఒక అంగుళం పైన ఆ పొగ తీగకు తాకించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని అంటిస్తుంది.

ఆ తెల్లని పొగ మైనపు ఆవిరి. కొవ్వొత్తిలో మండేది ఘనరూపంలోని మైనం కాదు, అది కరిగి ఆవిరైనదే మండుతుంది. మైకేల్ ఫారడే 1860–61లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఇచ్చిన కొవ్వొత్తి ఉపన్యాసాల్లో దీన్నే చూపించాడు. మంట మధ్య నుంచి ఒక గాజుగొట్టం ద్వారా ఆవిరిని బయటికి తెచ్చి, గొట్టం రెండో చివర దాన్ని వెలిగించాడు. కట్టె కూడా ఇలాగే కాలుతుంది. తేడా ఏమిటంటే, కట్టెలో నీరు ఉంటుంది, చివర బొగ్గు మిగులుతుంది.

కట్టె కాలే మూడు మెట్లు

మొదటి మెట్టు ఆరడం. కట్టెలోని తేమ ఆవిరై పోయేదాకా దాని ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దాటి పెద్దగా పెరగదు. ఈ దశలో కట్టె మనకు వేడి ఇవ్వదు, మన దగ్గరే తీసుకుంటుంది. ఒక కిలో నీటిని 27 డిగ్రీల నుంచి ఆవిరిగా మార్చాలంటే సుమారు 2.6 మెగాజౌళ్ళు ఖర్చవుతుంది.

రెండో మెట్టు విచ్ఛిన్నం. 200 డిగ్రీలు దాటాక కట్టె లోపలి పదార్థం విడిపోవడం మొదలుపెట్టి, 500 డిగ్రీలు చేరేసరికి దాదాపు పూర్తవుతుంది. ఎండిన కట్టె బరువులో ఇంచుమించు 80 శాతం వాయువులుగా, ఆవిరులుగా వెళ్ళిపోతుంది. వాటిలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, మీథేన్, తారు ఆవిరి ఉంటాయి. ఇవన్నీ మండేవే. మిగిలిన 20 శాతం బొగ్గు. బూడిద ఒక శాతం అటూ ఇటూ.

మూడో మెట్టు దహనం. బయటికి వచ్చిన వాయువులు మండితే మంట, మిగిలిన బొగ్గు కాలితే నిప్పుకణిక. వాయువులు పూర్తిగా మండాలంటే మూడు కావాలి: తగినంత గాలి, 800 డిగ్రీలకు మించిన వేడి, ఆ రెండూ బాగా కలిసేందుకు కొంత వ్యవధి. మూడింటిలో ఏది తగ్గినా వాయువు సగం కాలి పొగగా, మసిగా, తారుగా మిగులుతుంది.

ఇప్పుడు మూడు రాళ్ళ పొయ్యిని ఈ కొలతతో చూడండి. గాలి అన్ని వైపుల నుంచీ చల్లగా తగులుతుంది. మంట ఇంకా పూర్తిగా మండకముందే చల్లని గిన్నె అడుగును తాకి ఆరుతుంది. గిన్నె నల్లబడటానికి కారణం అదే. కట్టెలో ఉన్న శక్తిలో సుమారు 15 శాతమే నీటిని చేరుతుంది. మిగిలింది గోడలకు, గాలికి, వండేవారి ఊపిరితిత్తులకు పోతుంది.

చివరి మాట ఊరికే అన్నది కాదు. ఇళ్ళలోని పొగ వల్ల కలిగే జబ్బులతో 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశమంతటా 2016లో మొదలైన ఉజ్జ్వల యోజన మహిళల పేరిట గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది ఈ పొగ నుంచి తప్పించడానికే. అయినా వంటకు గ్యాసు వాడే ఇళ్ళలో కూడా స్నానాల నీళ్ళకు పెరట్లో కట్టెల పొయ్యి వెలుగుతుండటం చూస్తాం. బాలింతకు, లాల పోసే పసిబిడ్డకు, జ్వరపడి లేచినవారికి వేన్నీళ్ళు కావాలి. బకెట్ల కొద్దీ నీళ్ళకు సిలిండరు ఖర్చు చేయడానికి మనసొప్పదు. అందుకే నీళ్ళపొయ్యి గురించి ఆలోచించడం అవసరం.

మనకు తెలిసిన పాత పనిముట్లు

తెలుగు ఇళ్ళలో ఒకప్పుడు రాగి బాయిలరు ఉండేది. చుట్టూ నీళ్ళు, నడుమ నిలువుగా ఒక గొట్టం, ఆ గొట్టంలో పుల్లలు, బొగ్గులు, కొబ్బరి చిప్పలు. అడుగున బూడిద రాలే జల్లెడ, పక్కన కుళాయి. నిప్పు చుట్టూ నీరే ఉండటం వల్ల వేడి వృథా కాదు. మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టిన కాగు కంటే ఇది ఎంతో పొదుపు. కానీ దీనిలో ఒక లోపం ఉంది. నీళ్ళు తాకి ఉన్న రాగి గోడ 100 డిగ్రీలకు మించి పెద్దగా వేడెక్కదు. మంట దాన్ని తాకగానే చల్లబడుతుంది. అందుకే గొట్టం లోపల మసి పేరుకుంటుంది, మొదట్లో పొగ ఎక్కువగా వస్తుంది.

రెండోది పొట్టు పొయ్యి. ఒక రేకు డబ్బా అడుగున పక్కకు ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి ఒక కర్రను అడ్డంగా, పై నుంచి ఇంకొక కర్రను నిలువుగా, రెండూ లోపల కలిసేలా పెడతారు. చుట్టూ రంపపు పొట్టును గట్టిగా కూరి, కర్రలను మెల్లగా లాగేస్తే లోపల ఒక సొరంగం మిగులుతుంది. అడుగు నుంచి ముట్టిస్తే సొరంగం గోడల నుంచి పొట్టు కొంచెం కొంచెంగా వాయువుగా మారి మండుతుంది. మళ్ళీ కదపకుండానే గంటల తరబడి సెగ వస్తుంది. చాథం దీవిలో 1883 నుంచి ఉన్న రంపపు మిల్లు గురించి తెలిసిన మనకు రంపపు పొట్టు కొత్త కాదు. ఆ పొట్టును వాయువుగా మార్చి కాల్చే పద్ధతిని ఏ పుస్తకమూ చదవనివారు కూడా రేకు డబ్బాతో సాధించారు.

మూడో ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు మద్రాసు రాష్ట్రపు రోడ్ల మీద బొగ్గు బస్సులు నడిచాయి. 1942 నుంచి 1945 వరకు అండమాన్ జపాన్ ఆక్రమణలో ఉన్న కాలం కూడా అదే. బస్సు వెనుక ఒక ఇనుప డ్రమ్ము, అందులో బొగ్గు. గాలి తక్కువగా ఇస్తే బొగ్గు పూర్తిగా కాలకుండా కార్బన్ మోనాక్సైడ్‌ను ఇస్తుంది. ఆ వాయువే గొట్టం గుండా వెళ్ళి ఇంజిన్‌ను నడిపేది. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే ఆ డ్రమ్ములు మాయమయ్యాయి కానీ సూత్రం మిగిలింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య రెడ్డి గ్రామాల కోసం ఆస్ట్రా అనే విభాగాన్ని ప్రారంభించారు. పొగ తక్కువ వచ్చే పొయ్యిల మీద అక్కడ ఎంతో పని జరిగింది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హోసహళ్ళి అనే చిన్న ఊరికి 1988లో కట్టెల గ్యాసుతో నడిచే ఇంజిన్ కరెంటు ఇచ్చింది.

చలిదేశాల బాయిలరు

జర్మనీ, ఆస్ట్రియా, స్వీడన్ వంటి దేశాల్లో చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉంచాలి. వేడినీటిని గొట్టాల ద్వారా గదిగదికీ పంపుతారు. ఆ నీటిని కాచే పరికరాల్లో కట్టెల గ్యాసిఫికేషన్ బాయిలరు ఒకటి. దానిలో రెండు అరలుంటాయి.

పై అరలో కట్టెలు పేరుస్తారు. అక్కడికి గాలి కొద్దిగానే అందుతుంది. కట్టెలు ఆరి, విచ్ఛిన్నమై వాయువును ఇస్తాయి. ఒక ఫ్యాను ఆ వాయువును కిందికి లాగుతుంది. వాయువు ఎర్రగా కాలుతున్న బొగ్గుల గుండా, అగ్గిఇటుకతో చేసిన ఒక సన్నని సందు గుండా కింది అరలోకి దిగుతుంది. ఆ సందు దగ్గర వేడిచేసిన రెండో విడత గాలి కలుస్తుంది. కింది అర గోడలు కూడా అగ్గిఇటుకే కాబట్టి లోపల 1000 డిగ్రీల దాకా వేడి నిలుస్తుంది. పై నుంచి వచ్చిన పొగ అక్కడ నామరూపాలు లేకుండా కాలిపోతుంది. పూర్తిగా మండిన తరువాతే ఆ వేడి గాలి నీటి గొట్టాలను తాకి, చల్లబడి, పొగగొట్టం నుంచి బయటికి పోతుంది.

మన రాగి బాయిలరుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. మొదట మంటను మండనివ్వాలి, ఆ తరువాతే నీటికి తాకించాలి. ఈ క్రమం పాటించడం వల్ల మంచి బాయిలర్లలో కట్టెలోని శక్తిలో సుమారు 90 శాతం నీటిని చేరుతుంది. పొగగొట్టం నుంచి కంటికి కనిపించే పొగ దాదాపు రాదు.

ట్యాంకు ఎందుకు?

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఈ బాయిలరు శుభ్రంగా పనిచేయాలంటే నిండుగా మండాలి. గాలి తగ్గించి మెల్లగా మండిస్తే లోపలి వేడి పడిపోతుంది, పొగ కాలడం మానేస్తుంది, తారు పేరుకుంటుంది. కానీ ఇంటికి అన్నివేళలా అంత వేడి అవసరం లేదు కదా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. బాయిలరు సామర్థ్యం 25 కిలోవాట్లు. చలి అంతగా లేని రోజున ఇంటికి కావలసింది 5 కిలోవాట్లు మాత్రమే. బాయిలరును 4 గంటలు నిండుగా మండిస్తే 100 యూనిట్ల వేడి వస్తుంది. ఆ 4 గంటల్లో ఇల్లు వాడుకునేది 20 యూనిట్లు. మిగిలిన 80 యూనిట్లను దాచుకోవాలి. 40 డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు తెస్తే ఒక్కొక్క లీటరు 168 కిలోజౌళ్ళు దాచుకుంటుంది. 80 యూనిట్లంటే 2,88,000 కిలోజౌళ్ళు. భాగిస్తే సుమారు 1,700 లీటర్లు వస్తుంది. అంత ట్యాంకు ఉంటే నిప్పు ఆరిపోయాక కూడా 16 గంటలు ఇల్లు వెచ్చగా ఉంటుంది. నాలుగు గంటల నిప్పు ఇరవై గంటలకు సరిపోయిందన్నమాట. జర్మనీలో చట్టమే ఒక్కో కిలోవాటుకు కనీసం 55 లీటర్ల నీటి నిల్వ ఉండాలని చెబుతుంది.

అంటే ట్యాంకు వేడిని దాచడంతో పాటు నిప్పును శుభ్రంగా ఉంచే పని కూడా చేస్తోంది. మంటకు తొందర లేదు, ఇంటికి కొరత లేదు. పంట వచ్చిన నెలలోనే తినేయకుండా గాదెలో పోసుకుని ఏడాదంతా తినడం లాంటిదే ఇది.

ట్యాంకు ఆకారానికీ లెక్క ఉంది. వేడినీరు తేలిక, చల్లనీరు బరువు. 80 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 972 గ్రాములు తూగితే, 40 డిగ్రీల నీరు 992 గ్రాములు తూగుతుంది. అందుకే పొడుగాటి ట్యాంకులో వేడినీరు పైన, చల్లనీరు అడుగున పొరలుగా నిలుస్తాయి. బాయిలరు నుంచి వచ్చే వేడినీటిని పై నుంచి పోస్తారు, వాడకానికి పై నుంచే తీస్తారు, చల్లనీటిని అడుగున చేరుస్తారు. కలియబెడితే మొత్తం గోరువెచ్చనై ఎందుకూ కొరగాకుండా పోతుంది. పూర్తిగా చల్లని నీరు తిరిగి బాయిలరులోకి వస్తే లోపలి ఉక్కు మీద పొగలోని తేమ చెమటలా పట్టి తుప్పు తెస్తుంది. అందువల్ల 55 – 60 డిగ్రీలకు తగ్గకుండా నీటిని కలిపి పంపే ఒక వాల్వు పెడతారు.

మన లెక్క

గరాచర్మలో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత సుమారు 23 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటుంది. ఇల్లు వెచ్చబరచే పని లేదు. 1,700 లీటర్ల ట్యాంకు, 25 కిలోవాట్ల బాయిలరు ఒక ఇంటికి తెచ్చి పెట్టుకుంటే ఉడుతను పట్టడానికి ఏనుగునెక్కినట్టే. మనకు కావలసింది స్నానానికి, గిన్నెలు కడగడానికి వేన్నీళ్ళు. నలుగురున్న ఇంటికి 100 లీటర్ల నీటిని 27 నుంచి 42 డిగ్రీలకు తెస్తే చాలు. దానికి 6.3 మెగాజౌళ్ళు అవసరం. బాగా ఎండిన ఒక కిలో కట్టెలో సుమారు 15 మెగాజౌళ్ళుంటాయి. మూడు రాళ్ళ పొయ్యి మీద 2.8 కిలోల కట్టెలు పడతాయి. 70 శాతం వేడిని నీటికి చేర్చే పొయ్యి అయితే 600 గ్రాములు చాలు.

ఒక ఇంటికి ఇంత చిన్న నిప్పు చాలు కాబట్టి దాన్ని నిండుగా, శుభ్రంగా మండించడం కష్టం. కానీ హాస్టలుకు, పాఠశాల వంటశాలకు, ఆరోగ్య కేంద్రానికి, లేదా ఒకే వరుసలో ఉన్న ఏడు ఇళ్ళకు లెక్క మారుతుంది. "వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు" అనే సామెత ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది. 200 లీటర్ల డ్రమ్ములోని నీటిని 80 డిగ్రీలకు కాచామనుకుందాం. దానికి చన్నీళ్ళు కలిపితే 42 డిగ్రీల నీళ్ళు సుమారు 700 లీటర్లు అవుతాయి. ఒక్కొక్కరికి 20 లీటర్ల బకెట్టు చొప్పున 35 మందికి సరిపోతాయి.

ఈ 200 లీటర్లను 27 నుంచి 80 డిగ్రీలకు తేవాలంటే 200 × 4.2 × 53, అంటే సుమారు 44,500 కిలోజౌళ్ళు కావాలి. దీన్ని నాలుగు విధాలుగా పోల్చుదాం. మూడు రాళ్ళ పొయ్యి మీద సుమారు 20 కిలోల కట్టెలు. వాయువును పూర్తిగా కాల్చే పొయ్యిలో 4.25 కిలోల కట్టెలు. గ్యాసు పొయ్యి మీద 1.6 కిలోల గ్యాసు, అంటే 14.2 కిలోల సిలిండరులో తొమ్మిదో వంతు. కరెంటు హీటరుతో 12.4 యూనిట్లు.

కరెంటు సులువే. కానీ మన దీవుల్లో కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది. ఒక లీటరు డీజిల్ ఇంచుమించు 3.5 యూనిట్లు ఇస్తుందనుకుంటే, మన డ్రమ్ము నీళ్ళకు మూడున్నర లీటర్ల డీజిల్ ఖర్చు. ఆ డీజిలూ, సిలిండరులోని గ్యాసూ రెండూ వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి ఓడలో రావాలి. మన గరాచర్మలోనే 5 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం ఉంది. ఇంటి మిద్దె మీద నీళ్ళు కాచే సౌర హీటరు కూడా మంచి దారే. అయితే ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట మే నుంచి డిసెంబరు దాకా మబ్బు ఎక్కువ. వేన్నీళ్ళు కావాలనిపించేది ఆ వానరోజుల్లోనే. కాబట్టి ఎండ ఉన్నప్పుడు సౌర హీటరు, ముసురు పట్టినప్పుడు కట్టెలు అన్నది మనకు సరిపోయే పొత్తు.

కట్టెలు ఎక్కడివి?

అడవిలోకి వెళ్ళి కొట్టుకురావడం మార్గం కాదు. పడాక్, గర్జన్ వంటి చెట్లున్న ఆ అడవిని చట్టం కాపాడుతోంది. అది పోతే ధనీఖరీ జలాశయానికి చేరే వాగులూ ఎండుతాయి, మన కుళాయిలూ ఎండుతాయి. మనకున్న వంటచెరకు కొబ్బరితోటలో ఉంది. 1978లో ఏర్పడిన కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ గరాచర్మలోనే ఉంది కాబట్టి కొబ్బరి, పోక తోటల గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రాలిన మట్టలు, చిప్పలు, తోటలో కొమ్మలు కత్తిరించగా వచ్చిన పుల్లలు, వడ్రంగి దగ్గర మిగిలిన చెక్కముక్కలు ఇందుకు పనికొస్తాయి. చిప్పలు గట్టిగా, తేమ తక్కువగా ఉండి బాగా మండుతాయి. పీచు, రంపపు పొట్టు మాత్రం గాలిని ఆపేస్తాయి. వాటిని ఈ రకం పొయ్యిలో పోయకూడదు. పొట్టుకు పొట్టు పొయ్యే సరి.

అన్నిటికంటే ముఖ్యం ఆరబెట్టడం. అప్పుడే కొట్టిన కట్టెలో బరువులో సగం దాకా నీరే ఉంటుంది. కిలోకు 8 మెగాజౌళ్ళు కూడా దక్కవు. పైగా ఆ ఆవిరి మంటను చల్లార్చి పొగ పుట్టిస్తుంది. మన గాలిలో తేమ ఎక్కువ కనుక ఎంత ఆరబెట్టినా కట్టెలో 16 శాతం దాకా తేమ ఉండిపోతుంది. అదేమీ ఇబ్బంది కాదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ. ఆ నాలుగు నెలల్లో కట్టెలను చీల్చి, నేలకు తగలకుండా దుంగల మీద పేర్చి, పైన కప్పు వేసి, పక్కల నుంచి గాలి ఆడనిస్తే వర్షాకాలానికి సిద్ధమవుతాయి. పొయ్యి ఎంత గొప్పదైనా పచ్చికట్టెకు సమాధానం చెప్పలేదు.

వేడిని నిలపడానికి కూడా కొబ్బరే తోడు. లెక్క ప్రకారం 80 డిగ్రీల నీళ్ళున్న 200 లీటర్ల డ్రమ్మును అలాగే వదిలేస్తే 12 గంటల్లో 46 డిగ్రీలకు దిగిపోతుంది. చుట్టూ, పైనా, కిందా 10 సెంటీమీటర్ల మందాన పొడి కొబ్బరిపీచు కట్టి, తడి చేరకుండా పాలిథిన్ చుడితే 77 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. పీచులో చిక్కుకున్న గాలే వేడిని పోనీయదు. పీచు తడిస్తే ఆ గుణం పోతుంది. నిప్పు ఉండే వైపు మాత్రం పీచు వద్దు, అక్కడ మట్టి, ఇటుక ఉండాలి.

తప్పక పాటించవలసినవి

ఈ పని ఆటబొమ్మ తయారీ కాదు. పిల్లలు సొంతంగా మొదలుపెట్టకూడదు. పెద్దలు, పని తెలిసినవారు చేసేటప్పుడు కూడా ఈ అయిదు సంగతులు మరవకూడదు.

నీళ్ళ డ్రమ్మును ఎన్నడూ గాలి చొరకుండా మూయకూడదు. ఆవిరి పోవడానికి ఎప్పుడూ తెరిచి ఉండే గొట్టం ఒకటి కావాలి. దారి లేని ఆవిరి డ్రమ్మును పేల్చేస్తుంది.

పొయ్యి ఆరుబయట గాని, గాలి ధారాళంగా ఆడే పాకలో గాని ఉండాలి. స్నానాలగదిలో, మూసిన వరండాలో పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది. మూసిన స్నానాలగదుల్లో గ్యాసు గీజరు పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలకు కారణం ఇదే వాయువు.

80 డిగ్రీల నీరు ఒక్క క్షణంలో చర్మాన్ని కాలుస్తుంది. బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేన్నీళ్ళు కలపాలి. కుళాయి చిన్నపిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి.

మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు ఈ వేడికి తట్టుకోవు. ఇనుము, ఉక్కు, రాగి పాత్రలే వాడాలి. రసాయనాలు నిలవ ఉంచిన పాత డ్రమ్ములు అసలు వద్దు.

గోరువెచ్చని నీటిని రోజుల తరబడి నిలవ ఉంచకూడదు. 25 నుంచి 45 డిగ్రీల మధ్య జబ్బులు తెచ్చే బాక్టీరియా పెరుగుతుంది. నిల్వ నీరు 60 డిగ్రీలకు పైన ఉండాలి, లేకపోతే ఆ రోజుకు ఆ రోజే వాడేయాలి.

చివరగా

మనం నేర్చుకున్నదాన్ని నాలుగు మాటల్లో చెప్పుకుందాం. కట్టె వాయువుగా మారాకే మండుతుంది. ఆ వాయువు పూర్తిగా మండాలంటే ఎండిన కట్టె, రెండు విడతల గాలి, వేడి నిలిచే గది కావాలి. నిండుగా మండే నిప్పు ఇచ్చే వేడిని దాచుకోవడానికి నీళ్ళ ట్యాంకు కావాలి. ఆ ట్యాంకు ఎంతమందికి ఉపయోగపడితే అంత పొదుపు. ఇరవై కిలోల కట్టెలు కాలే చోట నాలుగున్నర కిలోలు కూడా అక్కర్లేదంటే, మిగిలిన పదిహేను కిలోలకు పైగా ఇన్నాళ్ళూ పొగగా, వృథా సెగగా పోయినవే. అందులో కొంత భాగాన్ని పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు రోజూ పీల్చారు.

ఆలోచించండి, లెక్క కట్టండి

1. మీ ఇంట్లో స్నానాలకు రోజూ ఎన్ని లీటర్ల వేన్నీళ్ళు వాడతారు? దానికి ఎన్ని మెగాజౌళ్ళు కావాలి? అది ఎన్ని యూనిట్ల కరెంటు?

2. ఒక కట్టెముక్కను తూచి, రాసుకుని, ఎండలో ఆరబెట్టి వారానికొకసారి తూచండి. బరువు ఎన్నో వారానికి తగ్గడం ఆగింది? పోయిన నీరు మొదటి బరువులో ఎంత శాతం?

3. ఒకే పరిమాణం గల రెండు స్టీలు డబ్బాల్లో గోరువెచ్చని నీరు పోసి, ఒకదానికి కొబ్బరిపీచు చుట్టండి. థర్మామీటరుతో గంటకొకసారి కొలిచి గ్రాఫు గీయండి.

4. రాగి బాయిలరు గొట్టంలో మసి ఎందుకు పేరుకుంటుంది? గ్యాసిఫికేషన్ బాయిలరు కింది అరను అగ్గిఇటుకతోనే ఎందుకు కడతారు?

5. 500 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు కాచి దాచితే, 42 డిగ్రీల స్నానపు నీళ్ళు ఎన్ని లీటర్లు వస్తాయి? కలిపే చన్నీళ్ళు కూడా 30 డిగ్రీల దగ్గరే ఉన్నాయనుకోండి.